రెనే అంటే మళ్ళీ పుట్టినవాడు

లియోనీకి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తొట్టెలో ఉన్న మూడు రోజుల పసివాడు కూడా మొదటివాడిలాగే, తను అటు తిరిగిన ఒక్క నిమిషంలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడని. గనిలో పైకప్పు కూలి మొగుడి మీద పడుతుందన్న భయం కూడా దీని తరువాతే.

అందుకే ఆ పొద్దున కుడిచేత్తో క్యాబేజీ సూపు కలుపుతూ ఎడమచేతిని తొట్టె అంచు మీదే ఉంచింది. చెయ్యి అందేలా తొట్టెను పొయ్యి దగ్గరికి లాక్కుంది. పచ్చి బాలింత, నడుం నిలబడడం లేదు. అయినా పడుకుంటే కళ్ళు మూతలు పడతాయి. కళ్ళు మూతలు పడితే వాడికి కాపలా ఎవరు?

పొయ్యికి అవతల మామ రెనే పినో స్టూలు మీద కూర్చుని కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంటున్నాడు. త్రెలాజేలో పలకరాయి చీల్చేవాళ్ళందరికీ ఇది రోజూ ఉండే పనే. రాతిదిమ్మను తొడకు ఆనించుకుని ఉలి దింపాలి. రాతి అంచు కత్తిలా ఉంటుంది, చర్మానికీ దానికీ మధ్య ఈ పాతగుడ్డలే అడ్డం. చీలమండ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా, మోకాలి నుంచి తొడ సగం దాకా, పొర మీద పొర. ముందు ఎడమకాలు, తరువాత కుడికాలు. యాభై ఏళ్ళుగా అదే వరస. చుట్టడం అయ్యేసరికి ఆ పొట్టి మనిషి కాళ్ళు రెండూ దుంగల్లా తయారవుతాయి. పైన మనిషి మాత్రం బక్కగా మిగిలిపోతాడు. ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి జారి ఉంటుంది. అరచేతి గీతల్లో నీలపు దుమ్ము దిగి పచ్చబొట్టులా ఉండిపోయింది. ఎంత తోమినా పెళ్ళినాడు కూడా అది పోలేదట, చర్చిలో ఉంగరం తొడిగించుకుంటూ అత్తగారు ఆ చేతుల్ని చూసి నవ్వేసిందట. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

ఇక దగ్గు. అది ఆ ఇంట్లో ఇంకో మనిషిలాంటిది. తడి లేని దగ్గు, ఎండుకట్టె విరిచినట్టు ఉంటుంది. లియోనీ కోడలిగా వచ్చి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో అది ఆగిన పూట లేదు.

"మామయ్యా, పుట్టుక రాయించడానికి ఇవాళే ఆఖరు, మూడో రోజు," అంది.

"ఊఁ."

"నాలుగింటికి మేయరాఫీసు మూసేస్తారట. ఇవాళ దాటితే జరిమానా అంది మంత్రసాని పెలాజీ."

"ఊఁ."

"ఇద్దరు సాక్షులు కావాలి."

"నా పక్కన పనిచేసే ఎవరిస్త్ వస్తానన్నాడు. ఆఫీసు పక్కన సారాకొట్టాయన ఉండనే ఉన్నాడు. ఒక గ్లాసు తాగితే చాలు, ఎవరికైనా సాక్షి సంతకం పెడతాడు."

"పేరు గుర్తుందిగా?"

రెనే రొట్టెముక్కను సూపులో ముంచి, నానేదాకా చూసి, నోట్లో పెట్టుకున్నాడు. "అనతోల్," అన్నాడు. అలవాటు లేని గట్టి ముక్కను పన్ను మీద పెట్టి నమిలినట్టు అన్నాడు.

ఆ పేరు లియోనీ ఊరికే తేలేదు. ఎనిమిదో నెలలో, పొట్ట పట్టుకుని, ఊరి సమాధుల దొడ్డి అంతా తిరిగింది. తొమ్మిదేళ్ళకు వాళ్ళ నాన్న కాలు రాతిబండి కింద పడి నలిగితే బడి మానేసి బాతుల వెంట పోయిన పిల్ల ఆమె. చదవడం వచ్చు కానీ వేలు పెట్టి కూడబలుక్కోవాలి. ఒక్కో సమాధి పలక ముందూ వంగి, అక్షరాల కింద వేలు నడిపించి, అక్కడున్న మగపేర్లన్నీ మనసులో కొట్టేసుకుంటూ పోయింది. రెండు సాయంత్రాలు పట్టింది. చివరికి పిండి అమ్మే బండి చెక్క మీద కనిపించింది ఈ పేరు. ఏ సమాధి మీదా లేదు. ఎవరూ మోసి విడిచిన పేరు కాదు.

"అనతోలా?" అంది కాన్పు రోజు మంత్రసాని పెలాజీ, బొడ్డు కోసిన కత్తెర తుడుచుకుంటూ. "పినోల ఇంట్లో మొదటి మగపిల్లాడికి రెనే అని తప్ప ఇంకో పేరు నేను వినలేదు తల్లీ. పిండిబండి పేరు పెట్టుకుంటావా? రేపు వాడు పెద్దయ్యాక అందరూ బస్తా ఎంత అని అడుగుతారు!"

"వీడు మొదటివాడు కాదు పెలాజీ," అంది లియోనీ. పెలాజీ కత్తెర సంచిలో పెట్టుకుంది.

మొదటివాడికి తాత పేరే పెట్టారు. రెనే. నలభై రోజులు బతికాడు. జబ్బు లేదు, జ్వరం లేదు. బట్టలుతికిన రోజు లియోనీ దొడ్లోకి వెళ్ళి నాలుగు దుప్పట్లు తీగ మీద ఆరేసి వచ్చింది, అంతే. నాలుగు దుప్పట్లు ఆరేసేంత సేపు.

మొగుడు ఫెర్నాన్ ఊళ్ళో లేడు. కిందటేడు చలికాలంలో సమ్మె ముగిశాక కొంతమందిని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు, అందులో అతనొకడు. అరవై కిలోమీటర్ల అవతల ఇనుపగనిలో చేరాడు. నెలకో ఆదివారం వస్తాడు. కొడుకు పుట్టిన సంగతి ఇంకా అతనికి చేరి ఉండదు. అందుకే ఈ పని తాత మీద పడింది.

రెనే లేచాడు. తొట్టె దగ్గర ఆగి, వంగబోయి, దగ్గు వస్తుందని అనిపించి కాబోలు, మోచేతిలో మొహం దాచుకుని వెనక్కి తగ్గాడు. పిల్లాడి మీద దగ్గకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అతనే అలా దూరంగా ఉంటున్నాడు. వాణ్ణి ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

మామ వెళ్ళాక లియోనీ బాతుఈక తీసి పిల్లాడి ముక్కు దగ్గర పెట్టింది. ఈక నూగు కదిలింది. అంట్లు తోమింది, వచ్చి ఈక పెట్టింది. కదిలింది. బంగాళాదుంపలు చెక్కు తీసింది, మళ్ళీ వచ్చింది. ఒక్కోసారి కదిలిందా, లేక తన చెయ్యే వణికిందా అన్న అనుమానం వస్తుంది. అప్పుడు బుగ్గ గిల్లుతుంది. వాడు కెవ్వుమంటాడు. ఆ ఏడుపు వింటే ఆమెకు కడుపు నిండా తిన్నంత హాయి. ఆ వెంటనే, నిద్రపోతున్న పసిగుడ్డును గిల్లి ఏడిపించే తల్లి నేనొక్కదాన్నే అయ్యుంటానని ఏడుపొస్తుంది.

మధ్యాహ్నం మామకు తిండి పట్టుకెళ్ళాలి. పక్కింటి పిల్లను పంపొచ్చు. కానీ ఇంట్లో ఒక్కతే కూర్చుంటే ఆ ఈక చూసీ చూసీ పిచ్చెక్కేలా ఉంది. శాలువాలో పిల్లాణ్ణి గుండెకు కట్టుకుని, సూపు గిన్నెకు గుడ్డ చుట్టి బయలుదేరింది. మూడుచోట్ల ఆగింది. ఒకచోట గోడ పట్టుకుని నిలబడింది.

ఊరి చివర రాతిపొట్టు గుట్టలు వాన తడికి నల్లగా మెరుస్తున్నాయి. గుట్ట మీద వరసగా, ఎండుగడ్డితో, పొదల కొమ్మలతో కట్టిన నిలువు తడకలు. గాలి ఎటు మళ్ళితే తడకను అటు తిప్పుకుని దాని చాటున ఒక్కో మనిషి రాయి చీలుస్తూ ఉంటాడు. వాటిని గాలిచంపులంటారు. గాలి చావడం ఎవరూ చూడలేదు కానీ దుమ్ము మాత్రం మనిషి చుట్టూ కదలకుండా నిలిచిపోతుంది. ముప్పై నలభై తడకల వెనకనుంచి కొయ్యసుత్తుల చప్పుడు. ఎవరి చప్పుడు వారిదే. రెనేది రెండు మెల్లగా, ఒకటి గట్టిగా.

"అదిగో, చిన్నదొర వేంచేశారు!" పక్క తడక చాటునుంచి ఎవరిస్త్ తల బయటపెట్టాడు. మీసాలు నీలంగా ఉన్నాయి. ముందుపళ్ళు రెండు లేవు. "ఏరా, మూడు రోజులుగా తిని పడుకుంటున్నావంట. పనిలో ఎప్పుడు చేరతావు?"

"మెల్లగా బాబాయ్, నిద్రపోతున్నాడు," అంది లియోనీ. అంటూనే శాలువా పక్కకు తీసి వేలు పిల్లాడి ముక్కు కింద పెట్టింది.

"ముందు ఆ వేలు తియ్యమ్మా. నువ్వు ముక్కు మూస్తుంటే వాడు ఊపిరి తీసేది ఎట్టా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "బాగున్నాడులే. గట్టి పిండం."

రెనే పని ఆపలేదు. ఎడమ తొడకు ఆనించిన దిమ్మ తడిగా ఉంది. భూమి లోపలినుంచి పైకి తెచ్చిన రాయిలో నీళ్ళుంటాయి. ఆ నీళ్ళు ఉన్నంతసేపే అది చీలుతుంది. ఎండ తగిలి, గాలి తగిలి ఆ తడి పోయిందా, ఇక సుత్తితో పగలగొట్టాల్సిందే తప్ప పొర విప్పదు. అందుకే దిమ్మల మీద తడిగోనెలు కప్పి, ఒక్కోటీ తీస్తూ ఉంటారు. రెనే వెడల్పాటి ఉలికి కొవ్వు రాశాడు. దిమ్మ అంచును వేలి గోటితో తడిమి సరిగ్గా నడిమధ్య ఉలి పెట్టాడు. ఎప్పుడూ సగానికి సగం చెయ్యాలి. ఒక పక్క పలచన అయితే చీలిక అటే పారిపోతుంది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. రాయి నిట్టూర్చినట్టు తెరుచుకుంది. లోపలి ముఖం ఇంతవరకు ఎవరూ చూడని ముఖం, మెరుస్తూ, నీటిచెమ్మతో.

ఇళ్ళ కప్పుల మీద పరిచే అలాంటి పలకలు రోజుకు వందలు. అందులో ఒక్కటీ రెనే ఇంటి మీద లేదు. వాళ్ళ ఇంటి కప్పు పాత గడ్డికప్పు.

తడక చాటున ముగ్గురూ కూర్చున్నారు. రెనే సూపు తాగుతుంటే గిన్నె అంచు మీద నీలం వేలిముద్రలు పడ్డాయి. ఎవరిస్త్ తన రొట్టెను వైనులో నానేసుకున్నాడు.

"ఇంతకీ అనతోల్ ఏంటమ్మా?" అన్నాడు. "మీ మామ పేరుకేమొచ్చింది? ఈ ఊళ్ళో రాయి విసిరితే ఒక రెనే నెత్తిన పడుద్ది."

"అందుకే వద్దు."

"అది ఈ నేల పేరమ్మా. ఇక్కడే పుట్టింది. చెప్పరా రెనే. చర్చి మొహం చూసి మనకి ఇరవయ్యేళ్ళయింది కానీ, ఈ కథ తెలియని ముండాకొడుకు ఈ ఆంజూ సీమలో ఉన్నాడా?"

రెనే చెప్పడం ఇష్టం లేనట్టు గిన్నెలోకి చూశాడు. కానీ ఎవరిస్త్ వదిలే రకం కాదు. చివరికి, మధ్యమధ్య దగ్గుకుంటూ, అడిగినందుకు చెప్పాలి కాబట్టి చెప్పినట్టు చెప్పాడు.

"ఆంజే పట్నంలో ఒక బిషప్పు ఉండేవాడు. చాలాకాలం కిందట. పూజ చేస్తుంటే ఒకామె పరిగెత్తుకొచ్చింది. చేతుల్లో పిల్లాడు, కొనఊపిరితో. దీవించండి అంది. పూజ మధ్యలో ఆపకూడదు గదా. ఆగమన్నాడు. పూజ అయ్యేసరికి పిల్లాడు అయిపోయాడు. బిషప్పుకు తట్టుకోవడం కాలేదు. చెప్పాపెట్టకుండా సముద్రం దాటి పోయి ఎవరి తోటలోనో కూలికి కుదిరాడు. మట్టి తవ్వుకుంటూ బతికాడు. ఏడేళ్ళకి ఆంజేవాళ్ళు వెతికి పట్టుకుని తెచ్చారు. వస్తూనే నేరుగా ఆ పిల్లాడి గొయ్యి దగ్గరికి పోయి, తవ్వించి, ఏడుస్తూ కూచున్నాడు. పిల్లాడు కళ్ళు తెరిచాడంట. అప్పుడు పెట్టిన పేరు, రెనే. రెనే అంటే మళ్ళీ పుట్టినవాడు."

"చూశావా?" అన్నాడు ఎవరిస్త్, తనే తవ్వి తీసినంత గర్వంగా.

లియోనీ శాలువాను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. "ఆ ఏడేళ్ళూ వాళ్ళమ్మ ఏం చేసింది మామయ్యా?"

గాలి తడక మీదుగా ఈల వేసింది.

"ఫాదరు అది చెప్పలేదు," అన్నాడు రెనే.

కాసేపటికి, ఎవరూ అడగకుండానే, మళ్ళీ మొదలుపెట్టాడు. అతను అలా మాట్లాడడం లియోనీ ఎప్పుడూ చూడలేదు. "నాకు ముందు మా అమ్మకి ఒకడు పుట్టాడు. వాడి పేరూ ఇదే. నాలుగు నెలలకి పోయాడు. ఏడాదిన్నరకి నేను పుడితే ఆ పేరే ఇచ్చేశారు. ఇక్కడ అట్టానే ఇస్తారు. చొక్కా పారేస్తామా, పేరూ అంతే. ఏటా సమాధుల పండక్కి అమ్మ నన్ను తీసుకెళ్ళేది. నా చేతికి గుడ్డ ఇచ్చి, తుడవరా అనేది. చిన్న పలకే. తుడిచేకొద్దీ నా పేరు బయటికొచ్చేది. అల్లరి చేస్తే, ఒకసారి చచ్చింది చాలు, కుదురుగా ఉండు అనేది."

"భయం వేసేది కాదా?" అంది లియోనీ.

రెనే ఆలోచించాడు. "అమ్మ నన్ను పిలిచినప్పుడు ఒక్కోసారి నా వెనక్కి చూసేది. అది బాగుండేది కాదు." గిన్నె అడుగున మిగిలింది తాగి, మూతి తుడుచుకుని ఉలి అందుకున్నాడు. "ఏదైతేనేం, అరవయ్యొక్కేళ్ళు లాగాను దానితో."

"మామయ్యా, అనతోల్," అంది లియోనీ లేస్తూ. గొంతులో బతిమాలుకోవడం ఉంది. "నాకు ఇంకేమీ వద్దు. ఇంకేమీ అడగను."

"ఊఁ. అనతోల్," అన్నాడు.

మూడింటికి రెనే పని ఆపేశాడని, పట్టపగలు అతను ఉలి కింద పెట్టడం చూసి చుట్టుపక్కల తడకలవాళ్ళు లేచి నిలబడ్డారని ఎవరిస్త్ తరువాత చెప్పాడు. సమ్మె రోజులు వదిలేస్తే, పెళ్ళికీ, భార్య చావుకీ, మనవడి చావుకీ తప్ప అతను ఎప్పుడూ పగలు పని ఆపలేదు. మిగిలిన దిమ్మ మీద తడిగోనె కప్పి, రేపు పొద్దున దీని సంగతి చూస్తానన్నాడట. కుంటలో చేతులు కడిగి, టోపీ నీళ్ళతో తుడిచి పెట్టుకున్నాడట.

లియోనీ కిటికీ దగ్గర కూర్చుంది. పాలిచ్చింది. వాడు చప్పరించినంతసేపు ఆమెకు భయం లేదు, పాలు తాగేవాడు ఊపిరి తీయకుండా తాగలేడు. రొమ్ము వదలగానే మళ్ళీ మొదలు. చర్చి గంట నాలుగు కొట్టింది. ఈపాటికి రాసేసి ఉంటారు. నోట్లోనే అనుకుని చూసింది: అనతోల్ పినో. కొత్త చొక్కాలా గరగరలాడుతోంది. ఆ పేరుతో వాడు బడికి వెళ్తున్నట్టు, ఎవరో వెనకనుంచి పిలిస్తే వాడు తిరిగి చూస్తున్నట్టు అనుకుంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె భుజాలు కాస్త దిగాయి.

ఐదు దాటాక ఇద్దరూ వచ్చారు. ఎవరిస్త్ నోరు వైను వాసన కొడుతోంది కానీ మొహంలో హుషారు లేదు. గడప లోపలికి రాలేదు.

"అయిందా బాబాయ్?"

"ఆఁ, అయింది. సంతకాలవీ అయినాయి." టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. "మా ఆవిడ ఎదురుచూస్తా ఉంటది. వస్తానమ్మా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నేను పక్కనుంచి మోచేత్తో పొడిచాను కూడా. నిజం, పొడిచాను," అన్నాడు. వెళ్ళిపోయాడు.

రెనే కుటుంబపుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. పెళ్ళినాడు మేయరాఫీసులో ఇచ్చే పుస్తకం అది. అందులో పిల్లల కోసం పన్నెండు గళ్ళుంటాయి. తను వెళ్ళి పొయ్యి దగ్గరి కుర్చీలో కూలబడి కాళ్ళ పీలికలు విప్పడం మొదలుపెట్టాడు.

లియోనీ పుస్తకం తెరిచింది. మొదటి గడి ఆమెకు కంఠతా వచ్చు. దానికింద ఇంకో సిరాతో రాసిన చావు తేదీ కూడా వచ్చు. రెండో గడిలో సిరా ఇంకా నల్లగా ఉంది. వేలు పెట్టింది. కూడబలుక్కోవలసిన పని లేకపోయింది. పై గడిలో ఉన్న మాటే కింద కూడా ఉంది, అదే గుమాస్తా చేత్తో, చివరి అక్షరానికి అదే తోకతో.

"ఇదేంటి మామయ్యా?"

రెనే విప్పిన పీలికను ఉండగా చుడుతున్నాడు.

"ఇదేంటి? నేను చెప్పిందేంటి, మీరు రాయించిందేంటి?"

"రాశారు," అన్నాడు.

"ఎందుకు?" అరవకూడదనుకుంది, పిల్లాడు ఉలిక్కిపడతాడని. "ఒక్కటి అడిగాను. ఒక్కటే."

దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక రెనే అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"నాకు చదవడం రాదు అమ్మాయ్."

లియోనీకి అర్థం కాలేదు. "మీరు సంతకం పెడతారుగా. పేపరు పట్టుకుంటారుగా."

"పట్టుకుంటా. ఎవరిస్త్ చదువుతాడు, కళ్ళలో దుమ్ము పడిందంటా నేను. నాకొచ్చింది ఒక్క మాట. సమాధి పలక తుడిచి తుడిచి ఆ గీతలు చేతికి పట్టుబడ్డాయి. రెనే అని ఎక్కడ రాసున్నా పోలుస్తా. అదొక్కటే. ఇంకేదైనా నాకు కోడి కెలికినట్టే." ఊపిరి పీల్చుకున్నాడు. "కిందటేడు వాడు పోయినప్పుడు ఫెర్నాన్ గనిలోపల ఉన్నాడు. నేనే గదా వెళ్ళాను ఆఫీసుకి. ఆ గుమాస్తా ఒక పేజీ నిండా రాశాడు. ఇక్కడ పెట్టు అన్నాడు, పెట్టాను. ఏం రాశాడో, ఎట్టా పోయాడని రాశాడో, ఎవరిది తప్పని రాశాడో. ఏడాదంతా నాకదే."

లియోనీ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఇవాళ అదే మనిషి, అదే కలం. పిల్లాడి పేరు అన్నాడు. నువ్వు చెప్పిందే అందామని నోరు తెరిచాను. ఆ మాట రాస్తే అది ఆ మాటేనో కాదో నాకేం తెలుస్తుంది? చచ్చిన బిడ్డ అని రాసినా నేను కింద గీకాల్సిందే గదా. తెలియని దాని కింద మళ్ళీ సంతకం పెట్టలేకపోయాను తల్లీ. నాకు తెలిసింది రాయించాను. రాశాక చూశాను. సరిగ్గానే ఉంది."

సరిగ్గానే ఉంది అన్నప్పుడు అతని మొహంలో, రాతిలో చీలిక నేరుగా దిగినప్పుడు ఉండేలాంటి తృప్తి ఒకటి వచ్చి పోయింది. లియోనీ దాన్ని చూసింది. చూసి ఓర్చుకోలేకపోయింది.

"ఆ పేరు కింద నా బిడ్డ పడుకుని ఉన్నాడు మామయ్యా."

"ఇద్దరు," అన్నాడు రెనే నేల చూస్తూ. "మా అన్న కూడా."

"ఇప్పుడు మూడోవాణ్ణి కూడా మీ చేత్తోనే పంపండి."

అనేసింది. అన్నాక ఆ మాట గదిలో ఎక్కడ పడిందో చూడలేక వెనుదిరిగింది. తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్లాడు నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. కిటికీలో ఇంకా వెలుగుంది, వాడి ఛాతీ కనబడేంత. లేచింది, దిగింది. ఒకటి. లేచింది, దిగింది. రెండు.

"కొంచెం వైనుందా అమ్మాయ్?" అన్నాడు వెనకనుంచి.

"బల్ల మీదుంది. తీసుకోండి," అంది తల తిప్పకుండా.

ఇరవై. ముప్పై. ఒకచోట వాడు ఆగినట్టు అనిపించి ఆమె చెయ్యి చాచింది. వాడు పెద్దగా నిట్టూర్చి మళ్ళీ మొదలుపెట్టాడు. వంద. బయట ఎవరో బాతుల్ని తోలుకుపోతున్నారు. పొయ్యిలో కట్టె విరిగింది. రేపు ఎవరిస్త్ భార్యను తోడు తీసుకుని తనే ఆఫీసుకు వెళ్ళాలనుకుంది. కాళ్ళు పట్టుకుంటే గుమాస్తా కొట్టేసి రాయడా? నూట తొంభై. మామతో ఒక మాట అనాలి, కోపంలో అన్నానని చెప్పాలి. వీడి ఊపిర్లు మూడు వందలు అయ్యాక చెబుదాం. రెండు వందల డెబ్బై.

మూడు వందలు అయింది. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఏమిటీ నిశ్శబ్దం అని ఆమెకు కొంతసేపు తెలియలేదు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో వినబడుతూనే ఉన్నది ఒకటి వినబడడం లేదు.

వెనక్కి తిరిగేసరికి రెనే కుర్చీలో అలాగే ఉన్నాడు, గడ్డం ఛాతీ మీద ఆనించి. ఎడమకాలి పీలికలు పూర్తిగా విప్పేశాడు, చిన్నపిల్లాడి కాలులా తెల్లగా ఉంది. కుడికాలివి సగం దాకా విప్పినవి వేళ్ళ మధ్యనే ఉన్నాయి. వైను గ్లాసు బల్ల మీదే ఉంది, ముట్టుకోలేదు. లియోనీ ఈక తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది. ఎంతసేపు పట్టుకుందో ఆమెకే తెలియదు.

మరునాడు ఎవరిస్త్ వెళ్ళి చావు రాయించాడు. పనిలో పనిగా పిల్లాడి పేరు గురించి కూడా అడిగాడు. ఒకసారి పుస్తకంలో ఎక్కాక తను ముట్టుకోకూడదని గుమాస్తా అన్నాడు. ఆంజేలో కోర్టుకు వెళ్ళాలి, వకీలును పెట్టుకోవాలి, ఒక పేరు నచ్చలేదంటే కోర్టు ఒప్పుకోదు కూడా అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. తాత పేరు మనవడికి ఉందిగా, అంతకన్నా ఏం కావాలమ్మా అని పాపం ఓదార్పుగానే కబురు పంపాడు.

ఫెర్నాన్ వచ్చాడు. తండ్రిని పూడ్చిపెట్టి, కొడుకును ముద్దుపెట్టుకుని, రెండు రోజులుండి వెళ్ళాడు. "పేరేదైతేనేం, దుక్కలా ఉన్నాడు," అన్నాడు. అతను చెప్పింది నిజమే. పిల్లాడు బాగా తాగుతున్నాడు, బుగ్గలు వస్తున్నాయి. పెలాజీ దగ్గర్నుంచి ఎవరిస్త్ దాకా అందరూ "ఒరే రెనే" అని పిలిచి నవ్విస్తున్నారు. లియోనీ మాత్రం వాణ్ణి ఆ పేరుతో పిలవదు. ఏ పేరుతోనూ పిలవదు. నలభయ్యో రోజు ఇంకా రాలేదు.

మీరెప్పుడైనా ఆంజే నుంచి త్రెలాజే వైపు వెళితే, నీలపు గుట్టలు దాటాక ఎడమచేతి వైపు మూడో ఇల్లు, గడ్డికప్పుది. వెళ్ళి ఒకసారి చూడండి. పిల్లాణ్ణి కాదు. వాణ్ణి చూసుకోవడానికి ఆమె ఉంది, పగలూ రాత్రీ కళ్ళలో వత్తులేసుకుని. లియోనీ ఏమైనా తిన్నదా అని అడగండి. కాసేపు పిల్లాణ్ణి మీరు పట్టుకుంటే, వాడి ఛాతీ మీద నుంచి కళ్ళు తీయనని మాటిస్తే, ఒక గంట నిద్రపోతుందేమో. తలుపు చేరవేసే ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం కాళ్ళ కింద చూసుకోండి. గడప పక్కన ముసలాయన చెక్కచెప్పుల జత ఇంకా అక్కడే ఉంటుంది. ఎడమదాని మడమ బాగా అరిగి ఒక పక్కకు ఒరిగిపోయింది. మొనలు గుట్టవైపు తిరిగి ఉన్నాయి.